ఎలుగెత్తి

“మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంటుంది లెండి,” అన్నాడు భర్త, ఆమె తెచ్చిన టీ కప్పుల్లోంచి ఒకటి అందుకుంటూ.

వరండాలో కూర్చున్న అతిథులు ఆమె వైపు చూసి మర్యాదగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. పాత చెప్పులాగా, ఎక్కడ కరుస్తుందో ముందే తెలిసిపోయిన మాట. తెల్లవారుతూనే లేచి, ఇంట్లోవాళ్ళకి ఫలహారం చేసిపెట్టి, షెడ్డులో గంపలకొద్దీ గుమ్మడికాయలూ దుంపలూ తరిగి, రెక్క విరిగిన గద్దకి మాంసం ముక్కలు కోసి, నీటిపిల్లుల తొట్టి కడిగి, నక్క కాలి పుండుకి మందు రాసి, మళ్ళీ పరుగున వచ్చి మధ్యాహ్నం వంటకి పొయ్యి వెలిగించే మనిషి చేసేదాన్ని సాయం అంటారు. వరండాలో కూర్చుని ఆ జంతువుల గురించి మాట్లాడేదాన్ని పని అంటారు. ఏ మాట ఎవరికి చెందుతుందో ఎప్పుడో ఎవరో పంపకాలు చేసేశారు. ఆ పంపకంలో ఆమె వాటాకి ఇంతే వచ్చింది.

పంపకం అనుకుంటే ఆ నేల సంగతి గుర్తొచ్చి ఆమెకి నవ్వొస్తుంది. తండ్రి ఆస్తి పంచినప్పుడు నీళ్ళున్న చేలన్నీ అన్నలు తీసుకున్నారు. ఎవరికీ అక్కర్లేని కొండవాలు, రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ లేనిది, ఆడపిల్లకి వచ్చింది. “రాళ్ళు తప్ప ఏం పండుతాయే అక్కడ?” అని పెద్దన్న నవ్వాడు. “మీ నాన్న నీకు కొండ రాసిచ్చాడు, ఇక ఎక్కుతూ దిగుతూ ఉండు,” అని భర్త ఎద్దేవా చేశాడు. ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఒకరోజు అలా ఎక్కినప్పుడు వేటగాడి ఉచ్చులో కాలు ఇరుక్కుని మూలుగుతున్న నక్క కనబడింది. దాన్ని విడిపించి, పాత గదిలో పెట్టి, పుండు మానేదాకా సాకి, మళ్ళీ ఆ కొండ మీదే వదిలింది. అది మొదలు. ఆ తరవాత ఒక్కొక్కటే వచ్చాయి. తల్లి చచ్చిపోయిన జింక పిల్లలు, గాలిపటం దారానికి తెగిన రెక్కలు, బావిలో పడ్డ ముంగిసలు. అటవీ శాఖ వాళ్ళకి సంగతి తెలిసి, తమకి దొరికినవి కూడా ఆమెకే అప్పగించడం మొదలుపెట్టారు. ఆ నేలలోకి తుపాకీగానీ గొడ్డలిగానీ నాగలిగానీ ఎన్నటికీ అడుగుపెట్టకుండా చట్టం కాపలా పెట్టించడానికి ఆమె చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి సాధించింది. రాళ్ళ సందుల్లో గుహలు, గుహల్లో పిల్లలు. రాళ్ళలో ఏం పండుతుందో అన్న ఒకసారి వచ్చి చూస్తే బాగుండును.

భర్త కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎదురుగా వినేవాళ్ళు లేకపోతే ఆయనకి ఊపిరాడదు. ఇంట్లో వినేవాళ్ళు ఇద్దరే. ఒకరు తల్లి, ఆవిడకి కాస్త చెవుడు. రెండోది భార్య, ఆమె ఎప్పుడూ షెడ్డులోనే ఉంటుంది. కాబట్టి ఆయన అతిథుల్ని తీసుకురావడం మొదలుపెట్టాడు. “ఎలుగు అంటే జంతువే కాదు, గొంతు అని కూడా అర్థం. ఈ మూగజీవాలకి మేం గొంతుక అన్నమాట,” అని మొదలుపెడితే గంటసేపు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ మాటల వల్ల షెడ్డుకి కొత్త కప్పు వచ్చింది, గద్దలకి పెద్ద పంజరం వచ్చింది. ఆమె అది కాదనలేదు. ‘మేం’ అన్న మాటలో తనెక్కడుందా అని మాత్రం అప్పుడప్పుడు వెతుక్కునేది.

ఎలుగు పిల్ల కిందటి ఏడు వానల్లో వచ్చింది. తల్లిని రోడ్డు మీద లారీ గుద్దేస్తే, పిల్లని గోనెసంచిలో చుట్టి కూరగాయల బుట్టలో తెచ్చారు. గుప్పెడు బొచ్చు, ఊరంత నోరు. అక్కడ ఏ జంతువుకీ పేరు పెట్టకూడదన్నది ఆమె పెట్టిన మొదటి నియమం. పేరు పెడితే పిలవాలనిపిస్తుంది, పిలిస్తే వస్తుంది, మనిషి పిలిస్తే వచ్చే అడవి జంతువు ఎక్కువ కాలం బతకదు. అందుకని దాన్ని ‘చిన్నది’ అనుకునేది, అదీ మనసులోనే. పాలసీసా దశ దాటగానే మనిషి ఆనవాళ్ళన్నీ చెరిపేసుకుంది. ఎలుగు పడుకున్న గడ్డితో రుద్దిన పాత కోటు ఒళ్ళంతా కప్పుకుని, ముఖానికి ముసుగు కట్టుకుని కంచె లోపలికి వెళ్ళేది. లోపల ఒక్క మాట మాట్లాడేది కాదు. పుచ్చిన దుంగని దొర్లించి దాని కింద పురుగులు చూపించేది. పళ్ళని రాళ్ళ కింద దాచి, వెతుక్కోమని వదిలేసేది. పిల్ల వచ్చి ఆమె కాలిని రెండు చేతులా వాటేసుకుంటే, గుంజలా నిలబడేది. అది విసుగొచ్చి వదిలేదాకా కదిలేది కాదు. బయటికొచ్చాక షెడ్డు వెనక కూర్చుని తన మోకాళ్ళు తనే వాటేసుకునేది.

“పాలు పట్టి పెంచినదాన్ని ఒక్కసారైనా ఒళ్ళో పెట్టుకోవు. నీది గుండెకాయా, లేకపోతే మీ నాన్న ఇచ్చిన రాయా?” అనేది అత్తగారు.

ఆ మాట గురించి ఆమె చాలా రోజులు ఆలోచించింది. ఇంట్లో తను నేర్చుకున్న ప్రేమ ఒకటుంది. అడిగేలోపు అందించడం, వండి వడ్డించి సర్ది, అవతలివాళ్ళు తమకి చేతులున్నాయన్న సంగతే మర్చిపోయేదాకా చెయ్యడం. ఎంత చేస్తే అంత అవసరం పెరుగుతుంది, అవసరం ఎంత పెరిగితే అంత మంచిదనిపించుకోవచ్చు. ఈ కంచె లోపల నేర్చుకున్నది దానికి తలకిందులు. తను అక్కర్లేకుండా పోయేదాకా చెయ్యడం. ఈ రెండోది చాలా కష్టం. కానీ అందులో ఒక గర్వం ఉంది. పిల్ల తనంతట తనే చీమలపుట్ట తవ్వుకున్న రోజున ఆమె ఇంటికి దాదాపు గెంతుకుంటూ వచ్చింది. ఎందుకంత సంతోషమని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగినా ఏమని చెబుతుంది, చీమలు తిందని చెబుతుందా?

ఇంకొక్క వానాకాలం గడిస్తే దాన్ని పెద్దడవిలో వదలొచ్చని అనుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున్న ఆమె ఎప్పటిలాగే పుల్లతో దాని పెంటని విడదీసి చూసింది. ఏం తిన్నదో తెలుసుకోవడానికి రోజూ చేసే పనే. గింజలు, పురుగుల పెంకులు, వాటి మధ్య తళుక్కుమంటూ వెండి రంగు కాగితం తునక. బిస్కట్ పొట్లం కాగితం.

ఆమె ఇంకా దాన్ని చూస్తూ ఉండగానే కంచె అవతల దారిలో భర్త ఎవరితోనో ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళాడు. ఆ గొంతు వినగానే ఎలుగు చెవులు నిక్కించింది. చేస్తున్న పని వదిలేసి పరుగున వెళ్ళి కంచె దగ్గర రెండు కాళ్ళ మీద నిలబడి, తీగల సందులోంచి నాలుక చాచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. “చిన్నదానికి బిస్కట్లు ఎవరు పెట్టారు?”

“ఓ, అదా,” అన్నాడు భర్త, దాచాలన్న ఆలోచన కూడా లేకుండా. ఆదివారాలు ఆమె పట్నం మార్కెట్టుకి వెళ్ళి, అమ్ముడుపోని కూరగాయలూ పళ్ళూ వ్యానుకెత్తించుకుని వస్తుంది. ఆ సమయంలో అతిథులు పిల్లలతో వస్తారు. అంత దూరం నుంచి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళమంటే పిల్లలు చిన్నబుచ్చుకోరా? నెలల తరబడి సాగుతోందట ఈ సంబరం. “పైగా దానికి పేరు కూడా పెట్టారు తెలుసా? బంటి. ఎలుగు-బంటి. ‘బంటీ’ అంటే చాలు, కుక్కపిల్లలా పరిగెత్తుకొస్తుంది. నువ్వు అంత కష్టపడి పెంచావుగానీ దానికి ఆ మాత్రం ముచ్చట కూడా నేర్పలేదు.”

ఆమె చేతిలో గరిటె ఉంది. ఆయన కంచంలో ఇంకో వడ్డన వెయ్యబోతూ ఆగింది. అడక్కముందే వెయ్యడం పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. గాల్లో ఆగిపోయిన ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఒక్క క్షణం చూసుకుంది. గరిటె గిన్నెలో పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది. ఆరోజు ఆమె చేసిన మొదటి పని, పెద్ద గేటు తాళం మార్చడం. రెండో పని, పశువుల డాక్టరమ్మకి ఫోన్ చెయ్యడం.

డాక్టరమ్మ చిన్న వయసుదే అయినా మాట సూటి. వచ్చి, కంచె పక్కన నిలబడి “బంటీ” అని పిలిచి చూసింది. ఎలుగు వచ్చి నాలుక చాచింది. డాక్టరమ్మ ఇలాంటిదాన్ని అడవిలో వదల్లేమని చెప్పింది. వదిలితే మొదటి ఊళ్ళోనే తిండి కోసం జనం దగ్గరికి వెళుతుంది, జనం బడితలు పట్టుకుంటారు. ఈ లెక్కన అటవీ అధికారి వచ్చి పరీక్ష పెడితే, జూకి పంపించమనే రాస్తారు. బతికినన్నాళ్ళూ కటకటాల వెనక.

“ఒకటే దారుందండీ,” అంది చివరికి. “ఎవరి దగ్గర తిండి దొరికిందో వాళ్ళ దగ్గరే భయం దొరకాలి. అది మనిషి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అరవాలి, డబ్బాలు మోగించాలి, నీళ్ళు కొట్టి తరమాలి. అది మిమ్మల్ని చూస్తే అసహ్యించుకోవాలి. చెయ్యగలరా?”

“చేస్తాను,” అంది ఆమె. డాక్టరమ్మ వెళ్ళిపోయాకగానీ గుర్తు రాలేదు, తను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అరవలేదని.

అరవకపోవడం ఆమెకి పుట్టుకతో రాలేదు, నేర్పగా వచ్చింది. కాపరానికి వచ్చిన మొదటి రోజునే అత్తగారు చెప్పింది, “ఈ ఇంట్లో ఆడవాళ్ళ గొంతు గడప దాటి వినబడదమ్మా,” అని. కసురుకుంటూ కాదు, ఇంట్లో బావి ఎక్కడుందో చూపించినంత మామూలుగా. కాలి మీద మరిగే నూనె ఒలికినప్పుడు కూడా ఆమె “అబ్బా” అన్నది లోపలే. “మా ఆవిడకి నోట్లో నాలుక లేదు,” అని భర్త స్నేహితుల ముందు మురిసిపోతూ చెప్పేవాడు. ఆ మాట ఆమె కూడా ఒక పతకంలా చాలా ఏళ్ళు మెడలో వేసుకుని తిరిగింది. అందరికీ మంచిది. ఎవరినీ ఒక్క మాట అననిది. ఎవరికీ కంటగింపు కానిది. ఇప్పుడు ఈ ఒక్క ప్రాణికి చెడ్డది కావాలి, అదీ తను గుండెల్లో పెట్టుకున్న ప్రాణికి.

మర్నాడు మొదటిసారి కోటు లేకుండా, ముసుగు లేకుండా, ఉత్త మనిషిలా కంచె దగ్గరికి వెళ్ళింది. భర్త గొంతుకీ, ఆయన జేబులోని పొట్లం చప్పుడుకీ ఎలుగు అలవాటుపడింది కాబట్టి ఆయన్నే పిలవమంది. ఆయన పిలిచాడు. ఎలుగు వచ్చింది. ఆమె రెండు డబ్బా మూతలు పట్టుకుని నోరు తెరిచింది. “హుష్,” అంది. కాకిని తోలినట్టు వచ్చింది ఆ మాట. ఎలుగు కూర్చుని చెవి గోక్కుంది.

“నీ మాట ఇంట్లో మేమే వినం, అదేం వింటుంది?” అని భర్త నవ్వాడు.

ఆ మరునాడూ అంతే. మూతలు మోగించింది. గొంతు మాత్రం ఎక్కడో కింద అడుగున ఉండిపోయింది. ఎలుగు రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చింది.

మూడోసారి ఆయన “బంటీ” అన్నప్పుడు అది వచ్చిన తీరు ఆమె బాగా చూసింది. వాలు మీద తనకిష్టమైన పుట్ట తవ్వుకుంటోంది. సగంలో వదిలేసింది. కాళ్ళు తడబడుతున్నా ఆగకుండా, ముఖమంతా ఆత్రంగా, పిలిచింది ఎవరో ఎందుకో అన్న ప్రశ్నే లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ ముఖం ఎక్కడో చూసినట్టనిపించింది. వెంటనే తెలిసింది. వరండాలోంచి కేక వినబడగానే, చేతిలో ఉన్న పని ఎంత ముఖ్యమైనదైనా సగంలో వదిలేసి, “వస్తున్నా” అని తడి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తే ముఖం అది. ఎవరు పిలిచినా వెళ్ళే ముఖం. పిలిచినవాళ్ళకి సరదా తీరాక, దానికేం మిగులుతుందో ఎవరూ అడగని ముఖం.

“పో!”

ఆ అరుపు ఆమెకే అర్థం కాలేదు. కడుపు అడుగునుంచి, కాళ్ళ కింద రాళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది. “పో! రాకు! ఎవడు పిలిచినా రాకు! పో!” వాలు మీద పొదల్లోంచి పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. భర్త చేతిలో పొట్లం జారిపడింది. ఎలుగు వెనక్కి పల్టీ కొట్టినట్టు పడి, లేచి, చెట్టెక్కి చిటారుకొమ్మ దాకా పోయి అక్కడినుంచి భయంగా ఊదుతూ ఆమెని చూసింది. ఆ చూపు ఆమెకి చురకత్తిలా దిగింది. దిగనిచ్చింది. చూపు తిప్పుకోలేదు.

ఇంట్లోంచి అత్తగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. ఆవిడ చెవుడుని కూడా దాటుకుని వినబడిందన్నమాట. “ఎవరికేమైంది? ఎవరే ఆ అరిచింది?”

“నేనే అత్తయ్యా.”

ఆవిడ కోడలి ముఖంలోకి చూసింది. ఎగాదిగా, కొత్త మనిషిని చూసినట్టు. తిట్టు వస్తుందని ఆమె ఎదురుచూసింది.

“ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?” అంది అత్తగారు.

సంగతేమిటో చెబితే ఆవిడ విని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న ఆమె కంచె దగ్గరికి వచ్చేసరికి అత్తగారు అప్పటికే అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పాత ఇత్తడి పళ్ళెం, చేతిలో గరిటె. ఎలుగు రాగానే ఆవిడ పళ్ళెం వాయించింది. మొదట సన్నగా, “పో, పో” అంది. తరవాత గొంతు వేడెక్కింది. “పో అవతలికి! ఉప్పెక్కువైందా? అయితే నువ్వే వండుకో పో! పుట్టింటికి వెళ్ళొద్దంటావా? నువ్వెవడివి చెప్పడానికి? పో!” పళ్ళెం మీద దెబ్బకి దెబ్బ. ఆ మాటలు ఎలుగుకి కావని ఆమెకి ఒక్క క్షణంలో అర్థమైంది. ఏనాడో పోయిన మామగారికి అవి ఇప్పటికి చేరుతున్నాయి. ఎలుగు పరుగందుకుంది. అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, ఆయాసపడుతూ, నుదురు తుడుచుకుంది. ఆవిడ ముఖంలో అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు. “రేపు కూడా ఉందా?” అని అడిగింది, ఆశగా.

రేపూ ఉంది, ఎల్లుండీ ఉంది. కొండ కింద ఊళ్ళోవాళ్ళు అత్తాకోడళ్ళ పోట్లాట శ్రుతిమించిందనుకున్నారు. ఒకరిద్దరు సర్ది చెప్పడానికి కూడా వచ్చారు. వాళ్ళని గేటు దగ్గరే ఆపి, ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. ఆ ఆదివారం ఆమె పట్నం ప్రయాణం మానుకుంది. అతిథులూ వచ్చారు. వాళ్ళని కూడా ఆమే స్వయంగా గేటు దగ్గర కలిసి, ఇక్కడ చూపించడానికేమీ లేదనీ, బతికించడానికే ఉన్నాయనీ చెప్పి పంపించేసింది.

ఆ సాయంత్రం భర్త షెడ్డు దగ్గరికి వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అరుదు. కాసేపు గంపలు చూశాడు, కాసేపు కత్తులు చూశాడు. నలుగురిలో తన పరువు తీసిందని మొదలుపెట్టాడు. ఆమె తరగడం ఆపలేదు. తరవాత వేరే గొంతుతో, మెల్లగా అన్నాడు. “నన్ను చూసి సంతోషంగా పరిగెత్తుకొచ్చేది ఈ చుట్టుపక్కల అదొక్కటే.”

ఆమె చెయ్యి ఆగింది. ఆ మాట నిజమే. అందులో ఒక ఒంటరితనం ఉంది, దాన్ని ఆమె కాదనలేకపోయింది. మామూలుగా అయితే ఇక్కడే ఆమె లొంగిపోయేది. లేచి, టీ పెట్టి, పోనీలెండి అని, తన మాటని తనే మింగేసేది.

“ఆ సంతోషం మీకు ఆదివారం కాలక్షేపం,” అంది. “దాని ప్రాణం మీదికి తెస్తుంది. రేపటి నుంచి మీరు కూడా అరవాలి. మిమ్మల్ని చూసే అది ఎక్కువ భయపడాలి.”

ఆయన అరవడానికి చాలా రోజులు పట్టింది. గంటలకొద్దీ మాట్లాడగల మనిషికి ఒక్క ‘పో’ రాలేదు. వచ్చిన రోజున, ఎలుగు ఆయన్ని చూసి పళ్ళు టకటకలాడించి పొదల్లోకి దూరిపోతే, ఆయన ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు. ఆమె జాలిపడింది. కానీ కంచంలో అడక్కుండా ఏమీ వెయ్యలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక అటవీ అధికారి పరీక్షకి వచ్చాడు. జీపు దిగుతూనే, అలవాటుగా, భర్త వైపు నడిచి, “ఇక్కడ ఇన్‌చార్జి మీరేనాండీ?” అన్నాడు.

“నేనండీ,” అంది ఆమె. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. ఆ బొంగురు గొంతే చాలా దిట్టంగా వినబడింది. భర్త ఏదో అనబోయి, ఒక అడుగు పక్కకి జరిగాడు.

అధికారి చేతిలో పండిన పండు పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళాడు. మెత్తగా పిలిచాడు. పొట్లం గలగలలాడించాడు. ఆ పాత పేరుతో కూడా పిలిచాడు. ఎలుగు పొదలోంచి తల పైకెత్తింది. అది ముక్కు ఎగరేసి గాలి చూసింది, బొచ్చు నిక్కబొడుచుకుంది, ఒక్కసారి బుసకొట్టి, రాళ్ళ మీదుగా ఎగబాకి కంచె లోపలి గుట్ట వెనక్కి మాయమైపోయింది. అధికారి పండు తిరిగి సంచిలో వేసుకున్నాడు. నెలల తరబడి చేతి తిండి మరిగిన ఎలుగు మళ్ళీ ఇలా మారడం తన ఉద్యోగంలో చూడలేదని, ఎలా చేశారో తమ వాళ్ళకి వచ్చి నేర్పాలని అడిగాడు. నేర్పుతానంది ఆమె. అలవాటైన సంకోచంగానీ, “నాదేముందండీ” అన్న మాటగానీ నోటికి రాలేదు. ఉంది కాబట్టి.

వదిలే రోజు వ్యానులో ఎలుగు బోను పోగా నలుగురికే చోటుంది. నడిపే అధికారి, డాక్టరమ్మ, ఆమె. నాలుగో సీటు తనదే అనుకుని భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు.

“ఆ సీటు అత్తయ్యది,” అంది ఆమె. “దాన్ని తరిమినవాళ్ళలో ఆవిడే అందరికంటే ముందు. మీరు ఉండి మిగతావాటికి మేత చూడండి. కొత్తగా వచ్చిన నక్క కాలికి మందు మర్చిపోకండి.”

“ఏది ఎంత వెయ్యాలో నాకేం తెలుసు?”

“చెయ్యగా చెయ్యగా తెలుస్తుంది. నాకూ అలాగే తెలిసింది.”

అప్పటికే అత్తగారు ముందు సీట్లో, కర్ర కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

దారి సగం దాకా రోడ్డు, ఆ తరవాత చెట్ల మధ్య బాట. ఊళ్ళకి దూరంగా, వాగు పక్కన, అడవి పళ్ళు రాలి నేలంతా ఎర్రబడిన చోట వ్యాను ఆపారు. బోను దించి, వాళ్ళంతా మళ్ళీ వ్యాన్లో కూర్చుని, తాడు లాగి తలుపెత్తారు. ఎలుగు వెంటనే రాలేదు. ముందు ముక్కు వచ్చింది, తరవాత తల. దిగింది. మట్టి వాసన చూసింది. రాలిన పండు ఒకటి నోట కరుచుకుంది. అంతలో గాలి తిరిగింది. ఎలుగు తలెత్తి వ్యాను వైపు చూసింది. ఏ వాసన తగిలిందో, పాలసీసా నాటి నుంచీ ఎరిగిన ఏ జ్ఞాపకమో, ఇటువైపు ఒక అడుగు వేసింది. ఇంకొకటి. బెదిరించి తరమడానికి తెచ్చిన టపాకాయ మీద అధికారి చెయ్యి వేశాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యెత్తి కిటికీ అద్దం దించింది.

కోటు కప్పుకుని మూగగా గడిపిన ఆ కాలమంతా ఆమె దాంతో ఒక్క మెత్తని మాట మాట్లాడలేదు. అనని మాటలన్నీ ఇప్పుడు గొంతులోకి తోసుకొచ్చాయి. నా తల్లీ, నా బంగారం, జాగ్రత్తే, అక్కడ వాగు లోతమ్మా. ఒక్కటి, ఒక్క మాట అంటే ఏం పోయింది? ఆ మాట వింటే అది వస్తుంది. ఒక్కసారి వస్తుంది, ఇంకెప్పుడో ఇంకెవరి దగ్గరికో కూడా వస్తుంది. ఆమె ఆ మాటలన్నిటినీ పక్కకి తోసి, కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

“పో!”

ముందు సీట్లో ఇత్తడి పళ్ళెం ఖంగున మోగింది. ఎలుగు అదిరిపడింది. వీపు మీద బొచ్చంతా లేచింది. ఆమె కళ్ళలోకి సూటిగా చూసి పళ్ళు టకటకలాడించి, పెద్దగా ఒక్కసారి ఊది, వెనుదిరిగింది. వాగు ఒక్క ఉరుకులో దాటింది. అవతలి గట్టు పొదలు విడిపోయి మళ్ళీ కలుసుకున్నాయి. కొమ్మలు విరుగుతున్న చప్పుడు పైకి, ఇంకా పైకి వెళ్ళి, ఆగిపోయింది. డాక్టరమ్మ ఏడుస్తోంది. అత్తగారు చెయ్యి వెనక్కి చాచి కోడలి చెయ్యి పట్టుకుంది. “ఎంత బాగా పోయిందే,” అంది. “ఎంత బాగా పోయింది.”

ఇంటికి వచ్చేసరికి ఎండ వాలుతోంది. భర్త షెడ్డు ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మీద మందు మరకలు, వేలికి గుడ్డ కట్టు. నక్క ఆయన మీద గుర్రుమందట, నీటిపిల్లులు తొట్టి కడగనివ్వలేదట, అన్నిటికీ మేత అందిందట, ఒక్క గద్దకి మాత్రం రెండుసార్లు పెట్టేశాడట. ఫిర్యాదులా మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు. ఆమె విని, పెద్దగా పొగడలేదు. గద్దకి రేపు తగ్గిస్తే సరిపోతుందంది. ఆయన తల ఊపి, అడగాలా వద్దా అన్నట్టు అడిగాడు.

“వెళ్ళేముందు నీ వంక చూసిందా?”

“చూసింది,” అంది ఆమె. ఆమె ముఖం వెలిగిపోతోంది. “నన్ను చూసి హడలిపోయి పారిపోయింది.”